బలానికి జిన్సెంగ్ అంటే, ఏ జిన్సెంగ్?

ఒడిశా రాయగడలో మా మూలికల కొట్టుకి వచ్చి "జిన్సెంగ్ ఉందా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. పేపరు మిల్లులో చేసి రిటైరైన పెద్దవాళ్ళు అడుగుతారు. పోటీ పరీక్షలకి రాత్రుళ్ళు కూర్చుని చదివే పిల్లలు అడుగుతారు. పురుడై నెలలు గడిచినా ఒంట్లో సత్తువ రాలేదని కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులు అడుగుతారు. దేనికీ అంటే అందరిదీ ఒకటే మాట: "బలానికమ్మా." టీవీలోనూ క్యాప్సూల్ డబ్బాల మీదా ఆ పేరు చూసీ చూసీ, బలానికి మారుపేరే జిన్సెంగ్ అన్నట్టు అయిపోయింది.

కానీ నీరసం ఒక్క రకంగా రాదు. జ్వరపడి లేచినవాడి నీరసం వేరు. నిద్ర చాలని కుర్రాడి నీరసం వేరు. ఎండలో తిరిగి నోరెండి, కాళ్ళు లాగేసే నీరసం వేరు. మూడింటికీ ఒకే వేరు ఇస్తే ఒకరికి మేలు చేసింది ఇంకొకరికి గుండె దడ తెప్పిస్తుంది. జిన్సెంగ్ పేరుతో అమ్ముతున్నవి చాలా రకాల వేర్లు. వాటిలో ఒంటికి వేడి చేసేవున్నాయి, చలవ చేసేవున్నాయి, నెత్తురు ఆపేవున్నాయి, నిద్ర పట్టించేవున్నాయి. కొన్ని అసలు జిన్సెంగ్ జాతివే కావు. కొట్టులో నిలబడి ఇదంతా చెప్పడానికి కుదరదు, వెనక బేరాలుంటాయి. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మా మామయ్యగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టారు. గోడ నిండా చెక్క సొరుగులు. వాటి మీద ఆయన తెలుగులో రాసిన చీటీలు, వాటి కింద తర్వాత మేం ఒడియాలో రాసి అంటించినవి. పాతాళగరుడ అని ఒడియాలో అడిగితే సర్పగంధ సొరుగు లాగాలి. తాలమూలి అంటే నేలతాడి. అనంతమూల అంటే సుగంధిపాల. బయట బోర్డు మీద ఒడియాలో 'చెరమూళి దోకాన' అని ఉంటుంది గానీ తెలుగువాళ్ళందరికీ అది మూలికల కొట్టే. కొండల మీది నుంచి వచ్చే ఆడవాళ్ళు కొన్ని వేర్లు తెచ్చి ఇస్తారు. మరికొన్ని రైలు మీదా లారీల మీదా వస్తాయి. ఏ వేరొచ్చినా విరిచి, వాసన చూసి, చిన్న ముక్క నోట్లో వేసుకున్నాకే సొరుగులో పొయ్యాలని మామయ్యగారు నేర్పారు. ఇప్పటికీ అదే పద్ధతి.

జిన్సెంగ్ మన కొండల్లో పుట్టేది కాదు. మేం దాన్ని సొరుగులో పెట్టి అమ్మం. కానీ చేతికి చిక్కింది కాబట్టి చూసే అవకాశం దొరికింది. మా మేనల్లుడు కొరియాలో ఉల్సాన్ దగ్గర ఓడలు కట్టే యార్డులో వెల్డరు. సెలవుకొచ్చినప్పుడు రేకు డబ్బాలో ఎర్ర జిన్సెంగ్ నిండు వేర్లు తెచ్చాడు. "అత్తా, అక్కడ పెద్దవాళ్ళకి ఇదే పెడతారు, మీరూ మావయ్యా వాడండి" అన్నాడు. మా ఆయనకి బీపీ ఉంది కాబట్టి ఆయనకి ఇవ్వలేదు. డబ్బా మాత్రం విప్పి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను.

రంగు ముదురు బెల్లం రంగు, వెలుతురుకి పట్టి చూస్తే అంచుల దగ్గర కాస్త ఎరుపు తేలుతుంది. వేలితో నొక్కితే అణగదు, బల్ల మీద వేస్తే టక్కుమంటుంది. మొండెం లావుగా, దాని కింద రెండు కాళ్ళలాగా చీలిన వేర్లు. మనిషి ఆకారం అని పేరొచ్చింది అందుకే. పైన సన్నటి మెడ ఉంది. అసలు చూడాల్సింది ఆ మెడనే. ఏటేటా ఆకు కాడ ఎండి రాలిపోయినప్పుడు మెడ మీద ఒక మచ్చ మిగులుతుంది, మరుసటేడు దాని పక్క నుంచి కొత్త కాడ లేస్తుంది. ఆ మచ్చలు లెక్కపెడితే మొక్క వయసు తెలుస్తుంది. మెడ కోసేసి అమ్మే వేరుకి వయసు చెప్పేది అమ్మేవాడి నోరే, వేరు కాదు. వాసన తడిమట్టి వాసనే, అందులో కాస్త తీపి కలిసి ఉంటుంది. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే ముందు చేదు, ఆ తర్వాత నెమ్మదిగా తీపి, ఇంకాసేపటికి గొంతులో వెచ్చదనం.

దీని లాటిన్ పేరు పానాక్స్ జిన్సెంగ్. అసలు జిన్సెంగ్ అనదగ్గవన్నీ ఈ పానాక్స్ జాతివే. చైనా ఈశాన్య కొండలు, కొరియా, రష్యా తూర్పు కొస దీని పుట్టిల్లు. కొరియాలో మంచి సరుకంటే ఆరేళ్ళ వేరు. ఎండ తగలకూడదు కాబట్టి మళ్ళ మీద పందిళ్ళు వేసి నీడలో పెంచుతారు. గింజ పండి రాలాక మొలకెత్తడానికే దాదాపు ఏడాదిన్నర పడుతుంది. ఒకసారి పంట తీసిన నేలలో మళ్ళీ జిన్సెంగ్ వెయ్యాలంటే ఏళ్ళ తరబడి ఆగాలి. తవ్విన వేరుని అలాగే ఎండబెడితే తెల్ల జిన్సెంగ్, ఆవిరి మీద ఉడికించి ఎండబెడితే ఎర్ర జిన్సెంగ్. మొక్క ఒకటే, తయారీ వేరు. ఆవిరికి రంగు మారడమే కాదు, లోపలి పదార్థాలు కూడా మారతాయి. జిన్సెనోసైడ్లు అని పిలిచే రసాయనాల్లో కొన్ని విరిగి, పచ్చి వేరులో దాదాపు కనపడని ఆర్‌జీ3 లాంటివి పుడతాయి. పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలవుంటుంది కూడా. ఎర్రదాని గుణం తెల్లదాని కంటే వేడి అని అక్కడి వైద్యుల మాట.

షెన్నోంగ్ పేరున ఉన్న చైనా ప్రాచీన మూలికల గ్రంథంలో దీన్ని పైతరగతి మందుల్లో చేర్చారు. వాళ్ళు 'చీ' అనే ప్రాణశక్తిని నింపేది ఇదని వాళ్ళ నమ్మకం. నెత్తురు విపరీతంగా పోయి, చేతులు కాళ్ళు చల్లబడి, ఊపిరి అందని మనిషికి వేరే ఏదీ కలపకుండా జిన్సెంగ్ ఒక్కటే కషాయం కాచి పట్టేవారు. దీన్నిబట్టి ఎవరికి పనికొస్తుందో అర్థమవుతుంది: చలి ఎక్కువైనవాళ్ళు, ముఖం పాలిపోయినవాళ్ళు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేవాళ్ళు, పెద్ద జబ్బు చేసి లేచిన వృద్ధులు. జ్వరంలో ఉన్నవాళ్ళకీ, ముఖం ఎర్రబడి తలపోటుతో బాధపడేవాళ్ళకీ, నిద్ర పట్టనివాళ్ళకీ అక్కడి వైద్యులు కూడా ఇవ్వరు. పరీక్షలకి చదివే పిల్లలు ఈ మాట వినాలి. నిద్ర చాలక నీరసించినవాడు వేడి వేరు తిని ఇంకో రెండు గంటలు మేలుకుంటే అది బలం కాదు, అప్పు.

కొరియావాళ్ళ మరో అలవాటు నాకు చాలా ఇష్టం. నడివేసవిలో బోక్ రోజులని మూడు వస్తాయట, ఆ రోజుల్లో కోడిపిల్ల పొట్టలో బంకబియ్యం, ఎండు ఖర్జూరం లాంటి జుజుబీ పళ్ళు, వెల్లుల్లి, పచ్చి జిన్సెంగ్ కూరి, పొగలు కక్కే పులుసులా కాచుకుని తాగుతారు. సామ్‌గ్యెతాంగ్ అంటారు. చెమట పోసి పోసి లోపల చల్లబడ్డ ఒంటిని మళ్ళీ వెచ్చబెట్టాలని వాళ్ళ ఆలోచన. మనం ఇక్కడ వైశాఖంలో చలవకి పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం తింటాం, లేకపోతే మాండియా జావు, అంటే రాగిజావ తాగుతాం. దక్షిణ చైనా, హాంగ్‌కాంగ్ వాళ్ళూ వేసవిలో చలవే కోరుకుంటారు, కానీ వాళ్ళు వాడే వేరు వేరే. దాన్ని చైనాలో పండించడం ఈమధ్య మాటే, మొదట అది సముద్రం అవతల నుంచి వచ్చింది.

అదే అమెరికన్ జిన్సెంగ్, పానాక్స్ క్వింక్విఫోలియస్. మా వీధి మాస్టారి అమ్మాయి అమెరికా నుంచి పంపిన పొట్లం నా దగ్గరకే తెచ్చి "ఇది ఎలా వాడాలి చెల్లెమ్మా?" అని అడిగారాయన. కొరియా వేరు పక్కన పెట్టి చూశాను. ఇది లేత మీగడ రంగు, పొట్టిగా, మొండెం చుట్టూ దగ్గర దగ్గరగా అడ్డగీతలు. విరిస్తే తేలిగ్గా విరుగుతుంది. నమిలితే చేదు ఎక్కువ, చివర్న గొంతులో తడి చేరినట్టుంటుంది. రెండింటి మధ్య జిన్సెనోసైడ్లలో కూడా తేడా ఉంది. ఆర్‌జీ1 కాస్త హుషారు తెచ్చేది, ఆర్‌బీ1 నెమ్మది పరిచేది అని చెబుతారు. అమెరికన్ దానిలో ఆర్‌బీ1 వంతు బాగా ఎక్కువ. ఆసియా వేరులో ఉండే ఆర్‌ఎఫ్ అనేది దీనిలో కనిపించదు, అందుకే పొడి రూపంలో ఉన్నా లాబులో రెండింటినీ పోల్చుకోగలుగుతారు. చైనా వైద్యంలో దీన్ని చలవ వేరుగా లెక్కపెట్టి, నోరెండడం, పొడిదగ్గు, జ్వరం తగ్గాక మిగిలే వేడి, ఎండదెబ్బ నీరసం లాంటివాటికి వాడతారు. మాస్టారికి వేసవి మధ్యాహ్నాలు ఒళ్ళు మండినట్టుండి గొంతు ఆరిపోతుంది. రెండు మూడు పలచటి బిళ్ళలు వేడినీళ్ళలో నానబెట్టి గోరువెచ్చగా తాగమన్నాను, ముందు డాక్టరుకి చెప్పి. ఆయనకి సుగరు మాత్రలున్నాయి.

ఈ అమెరికన్ వేరు కథ మన కొండల వాళ్ళందరూ తెలుసుకోవాలి. ఝార్తూ అనే ఫ్రెంచి పాదిరీ చైనాలో పటాలు గీసే పని మీద తిరుగుతూ, కొరియా సరిహద్దు దగ్గర జిన్సెంగ్ మొక్కని చూశాడు. అలసిపోయి గుర్రం మీద కూర్చోలేని స్థితిలో పచ్చి వేరు కాస్త తిని తేరుకున్నాడట. 1711లో రాసిన ఉత్తరంలో, ఇలాంటి అడవులూ ఇలాంటి చలీ ఉన్న దేశం ఇంకేదైనా ఉంటే అది కెనడా అయ్యుండొచ్చు, అక్కడా ఈ మొక్క దొరకొచ్చు అని ఊహించాడు. ఆ ఉత్తరం చదివిన లాఫిటో అనే ఇంకో పాదిరీ 1716లో మాంట్రియల్ దగ్గర వెతికి వెతికి మొక్కని పట్టుకున్నాడు. అక్కడి మొహాక్ ఆడవాళ్ళకి మాత్రం అది కొత్త కాదు, వాళ్ళ మందుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

ఆ తర్వాత అందరూ అడవుల మీద పడ్డారు. రైతులు పొలాలు వదిలేసి తవ్వారు. పండు పండక ముందే తవ్వారు, నీడన ఆరబెట్టాల్సినదాన్ని పొయ్యిల్లో పెట్టి గబగబా ఎండబెట్టారు. 1750ల నాటికి చైనా వ్యాపారులు ఆ సరుకు వద్దని తిప్పికొట్టారు, కెనడా వ్యాపారం కుప్పకూలింది. అయినా తవ్వకం ఆగలేదు, దక్షిణానికి జరిగింది. 1784లో న్యూయార్క్ నుంచి చైనాకి బయల్దేరిన మొదటి అమెరికన్ ఓడ 'ఎంప్రెస్ ఆఫ్ చైనా' సుమారు 30 టన్నుల జిన్సెంగ్ మోసుకెళ్ళింది. అడవి వేరు అంతలా తగ్గిపోయింది కాబట్టే 1975లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా పెట్టే సైటీస్ ఒప్పందం రెండో జాబితాలో చేర్చారు. ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు నుంచే తవ్వనిస్తారు, అదీ ఎర్రటి పళ్ళు పండాక, ముదురు మొక్కల్ని మాత్రమే, గింజల్ని అక్కడే నాటాలన్న షరతుతో. బజారులో దొరికే అమెరికన్ వేరు ఎక్కువగా విస్కాన్సిన్‌లోనూ కెనడాలోనూ పందిళ్ళ కింద పండించింది.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, మన పాతాళగరుడకి జరిగింది కూడా ఇదే. 1952లో సర్పగంధ నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశాక అది బీపీ మందుగా ప్రపంచమంతా కావాలంది. మన కొండల్లోంచీ, దేశమంతటి నుంచీ బస్తాలకి బస్తాలు పోయాయి. అది కూడా ఇప్పుడు అదే సైటీస్ రెండో జాబితాలో ఉంది. మా కొట్టుకి వేర్లు తెచ్చే ఒక ముసలమ్మ, కొండ మొదట్లోనే దొరికే వేరు కోసం ఇప్పుడు పొద్దుటెళ్ళి పొద్దుగూకి రావాల్సొస్తోందని అంటుంది. పూత మీద ఉన్నదాన్నీ కాయ పండనిదాన్నీ తెస్తే మేం కొనం. కొనకపోతే ఇంకో కొట్టువాడు కొంటాడని నాకు తెలుసు, అయినా కొనం.

పానాక్స్ కుదురులోనే మూడోది నోటోజిన్సెంగ్. చైనాలో యునాన్ రాష్ట్రం, వెన్‌షాన్ ప్రాంతంలో పండుతుంది. దీని పని పూర్తిగా వేరు: దెబ్బలు, వాపులు, నెత్తురు కారడం. 1902లో తయారైన యునాన్ బైయావ్ అనే పేరుమోసిన పొడిలో ముఖ్యమైన సరుకు ఇదే. పచ్చిది గాయానికి, ఉడికించింది సత్తువకి అని అక్కడి వాడుక. దీన్ని సాధారణ బలం మందు అనుకుని, గుండెకి స్టెంటు వేయించుకుని నెత్తురు పలచబడే మాత్రలు మింగే మనిషి తెప్పించుకుంటే ప్రమాదమే. నెత్తురు కట్టడం, కదిలించడం రెండూ ఈ వేరుకి చేతనవును. ఇక చిన్న గాయాలకి మన గట్ల మీద గడ్డిచామంతి ఉండగా యునాన్ దాకా పోనక్కర్లేదు.

వియత్నాంలో న్గోక్ లిన్ కొండ మీద 1973లో కనిపెట్టిన పానాక్స్ వియత్నామెన్సిస్ ఉంది. జపాన్ రకం ఉంది. హిమాలయాల్లో, నేపాల్ నుంచి సిక్కిం, అరుణాచల్ దాకా అడవుల్లో పానాక్స్ మొక్కలు ఉన్నాయి, వాటిని తవ్వకుండా వదిలెయ్యడమే మేలు.

ఇక పేరు మాత్రమే పెట్టుకున్నవి. సైబీరియన్ జిన్సెంగ్ అని అమ్మేది ఎల్యూథెరోకాకస్ అనే ముళ్ళ పొద. జిన్సెంగ్ కుటుంబంలోదే గానీ జాతి వేరు. దానిలో జిన్సెనోసైడ్లు ఉండవు. సోవియట్ రోజుల్లో వ్లాదివొస్తోక్‌లో బ్రెఖ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఖరీదైన జిన్సెంగ్‌కి బదులు చవగ్గా దొరికేది ఏదని వెతుకుతూ దీని మీద పనిచేశాడు. అలసట, ఒత్తిడి తట్టుకోవడానికి దానిని అక్కడ విరివిగా వాడారు. చెడ్డ మూలిక కాదు, కానీ జిన్సెంగ్ కాదు. అమెరికాలో 2002 చట్టం ప్రకారం పానాక్స్ జాతిది కాకుండా దేన్నీ జిన్సెంగ్ అని అమ్మకూడదు. మన దగ్గర ఆన్‌లైన్‌లో మాత్రం ఇప్పటికీ ఆ పేరుతోనే కనిపిస్తుంది. పెరూ జిన్సెంగ్ అనేది మాకా, ముల్లంగి ఆవాల కుటుంబపు దుంప. బ్రెజిల్ జిన్సెంగ్ తోటకూర కుటుంబంలోది. ఆడవాళ్ళ జిన్సెంగ్ అని వచ్చే డాంగ్ క్వై అనేది వాము, సోంపు కుటుంబం.

భారతీయ జిన్సెంగ్ అని డబ్బా మీద రాసేది అశ్వగంధ. మన పెన్నేరు గడ్డ. దొమ్మడోలు గడ్డ అని కూడా అంటారు. ఇది వంకాయ కుటుంబంలోది, జిన్సెంగ్‌తో ఏ చుట్టరికమూ లేదు. దానిలోని విథనోలైడ్లనే రసాయనాలు వేరు, జిన్సెనోసైడ్లు వేరు. ఒంటి మీద చేసే పని కూడా నా అనుభవంలో వేరు. కొరియా వేరు మనిషిని నిలబెడుతుంది. పెన్నేరు మనిషిని కూర్చోబెట్టి ఊపిరి తీసుకోనిస్తుంది. ఆలోచనలతో రాత్రి పక్క మీద దొర్లేవాళ్ళకి, బక్కచిక్కినవాళ్ళకి, నడుములాగుడుతో పొలం పని చేసేవాళ్ళకి ఆయుర్వేదంలో ఇచ్చేది ఇది. కాబట్టి "జిన్సెంగ్ లేకపోతే మన జిన్సెంగ్ ఇవ్వండి" అని ఎవరైనా అంటే నేను తూకం వెయ్యను, ముందు మాట్లాడతాను.

పెన్నేరు ఎక్కువగా మధ్యప్రదేశ్‌లో నీమచ్, మంద్‌సౌర్ వైపు పండుతుంది. నీమచ్ మండీయే దీనికి పెద్ద బజారు. వానలు వెనకబట్టాక విత్తుతారు, అయిదారు నెలల్లో ఆకులు ఎండి, కాయలు ఎర్రబడ్డాక పీకుతారు. ఆరేళ్ళ జిన్సెంగ్ పక్కన ఈ అయిదు నెలల పంట ఎంత చవకో అర్థమవుతుంది. మొదటిరకం వేరు చిటికెన వేలి లావు, సుమారు 7 సెంటీమీటర్ల ముక్క, పైన బూడిద పసుపు, విరిస్తే పటుక్కున విరిగి లోపల సుద్దలా తెల్లగా పొడి రాలాలి. పీచులా సాగితే ముదిరిపోయింది, నారే మిగిలింది. వాసన గుర్రపుశాలదే, పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా ఘాటు. వాసన అసలు లేని పొడి నేను కొనను. ఆకూ కాడా కలిపి దంచిన పొడి బజారులో చాలా తిరుగుతోంది, దానికి పచ్చదనం తెలుస్తుంది. పొడిగా కాకుండా వేరే కొనమని చెప్పేది అందుకే.

మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. వేరుని కడిగి, ఆరబెట్టి, రోట్లో దంచి వస్త్రగాళితం పడతాం. గ్లాసు పాలలో అంతే నీళ్ళు పోసి, చెంచా పొడి వేసి, నీళ్ళు ఇగిరి పాలు మిగిలేదాకా సన్నసెగన కాస్తాం. పాలలో ఉడికితే వేరు ఘాటు తగ్గుతుంది, కడుపులో మంట రాదు. పటికబెల్లం వేసి రాత్రి పడుకోబోయే ముందు తాగాలి. రోజుకి 3 నుంచి 6 గ్రాములు ఆయుర్వేద ఔషధ సంహిత చెప్పే మోతాదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు, గర్భిణులు తీసుకోకూడదు. ఇది మన మూలికే కదా ఏమీ కాదు అనుకోవద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. డెన్మార్క్ 2023లో దీన్ని ఆహారంలోనూ సప్లిమెంట్లలోనూ నిషేధించింది. నిషేధం ఎక్కువే అని నా అభిప్రాయం, కానీ వాళ్ళు లేవనెత్తిన థైరాయిడ్, గర్భం ప్రశ్నలు కొట్టిపారేసేవి కావు.

బాలింతని తీసుకొచ్చిన తల్లికి నేను జిన్సెంగూ ఇవ్వను, పెన్నేరూ ఇవ్వను. "ముందు నెత్తురు పరీక్ష చేయించండి వొదినా, నెత్తురు తక్కువైతే నా కొట్లో మందు లేదు, ఆస్పత్రిలో ఐరన్ మాత్ర ఉంది" అంటాను. ఆ తర్వాత కావాలంటే పిల్లితేగలు, అంటే శతావరి, పాలలో కాచి ఇస్తారు, అది మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అదీ డాక్టరమ్మని అడిగాకే.

కల్తీ సంగతి. జిన్సెంగ్ అని వచ్చే ఎండు బిళ్ళల్లో చంద్రకాంత మొక్క దుంపని కోసి కలిపినవి ఉంటాయి. సాయంత్రం పూసే ఆ చంద్రకాంతే, మన పెరళ్ళలో గులాబీ, పసుపు పూలతో ఉండేది. దాని దుంప లావెక్కాక జిన్సెంగ్‌లానే కనిపిస్తుంది. ఇంకో మోసపు వేరు ఫైటోలాకా, అది విషం, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. అడ్డంగా కోసిన ముఖం చూడండి. నిజమైన జిన్సెంగ్‌లో చుట్టూ ఒకే ఒక పలచటి గోధుమరంగు వలయం, మధ్య నుంచి సన్నటి చారలు. చంద్రకాంత, ఫైటోలాకా ముక్కల్లో వలయం మీద వలయంగా చాలా కనిపిస్తాయి. నోట్లో వేసుకోకుండా, కంటితోనే తేల్చుకోవచ్చు. మరీ ఉడికించి రంగు పట్టించిన సరుకైతే బిళ్ళ రూపంలో కొనకండి, మెడతో ఉన్న నిండు వేరే కొనండి.

మా కొట్టుకి వచ్చి జిన్సెంగ్ అడిగినవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న: ఏ మాత్రలు వేసుకుంటున్నారు? నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్ళకి అమెరికన్ జిన్సెంగ్ ఆ మందు పనిని తగ్గించిందని 2004లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది, నెత్తురు గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. సుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. ఆపరేషను ఉందంటే కనీసం వారం ముందే ఏ జిన్సెంగైనా ఆపెయ్యాలి. బీపీ అదుపులో లేనివాళ్ళకి కొరియా ఎర్రది వద్దే వద్దు. రెండో ప్రశ్న: ఒళ్ళు చల్లబడి నీరసమా, మండి నీరసమా? మూడోది: రాత్రి నిద్ర పడుతోందా? ఈ మూడింటికీ జవాబు వచ్చేసరికి చాలామందికి జిన్సెంగ్ అక్కర్లేదని వాళ్ళకే తెలిసిపోతుంది. పరీక్షల పిల్లలకి మరీ. "నాయనా, పదిన్నరకి పడుకుని నాలుగింటికి లేచి చదువుకో" అని పంపేస్తాను.

నిజంగా అవసరమైనవాళ్ళకి, డాక్టరు సరేనన్నాక, ఎండు వేరు రోజుకి 1 నుంచి 2 గ్రాములు చాలు, పొద్దుటే, కాఫీ టీలతో కలపకుండా. జర్మనీలో మూలికల మీద వేసిన ప్రభుత్వ కమిటీ కూడా ఆ మోతాదే చెప్పి, మూడు నెలలకి మించి ఏకధాటిగా వాడొద్దంది. వేరు గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు ఆవిరికి పెట్టి మెత్తబరిచి పలచగా కోసుకోండి. వానాకాలం మన రాయగడ తేమకి బిళ్ళలు బూజు పడతాయి, మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో కాస్త వేయించిన బియ్యం గుడ్డమూట వేసి పెట్టండి. మీ ఇంటికి విదేశం నుంచి ఎవరైనా వేరు తెచ్చి, అది ఏదో తేలకపోతే డబ్బా పారెయ్యకుండా కొట్టుకి తీసుకురండి, దాని మీద లాటిన్ పేరు ఉంటుంది. వచ్చేటప్పుడు మీరు వేసుకునే మాత్రల చీటీ కూడా పట్టుకురండి.